అడిగి నమ్మిన మా పి.టి. సారు

పోయిన ఆదివారం పొద్దున మా పి.టి. సారు పోయినారు. పిల్లల్ని పరిగెత్తించి, రోడ్డు పక్క అంగట్లో టీ తాగి, గ్లాసు కింద పెట్టి గోడకి ఆనుకున్నారంట. కునుకు తీస్తా వుండారని అనుకున్నారంట అందరూ. సారు ఇంటామెను నేను అమ్మా అనే పిలుస్తాను. ఆమె ఫోన్ చేసి "సార్ లేరమ్మా" అనింది, అంతే. హోసూరులో ఫ్యాక్టరీ షిఫ్టుకి బయలుదేరిన దాన్ని గడప మీదనే కూర్చుండిపోయినాను.

మధ్యాహ్నం ఒక పత్రికాయన ఫోన్ చేసి, సారు గురించి రెండు మాటలు చెప్పమన్నాడు. పేరూ ఊరూ రాసుకొని, "ఆ డోపింగ్ కేసు కోచ్ ఈయనే కదా మేడం?" అన్నాడు. కేసంటూ ఏదీ లేదప్పా, ఏనాడూ లేదు అని చెప్పినాను. ఫోన్లో చెప్పింది చాలదనిపించి ఇది రాస్తా వుండాను.

సారుది కుందారపల్లి దగ్గర గవర్మెంటు స్కూలు. మా అమ్మా నాయనా ఊత్తంగరై పక్క కూలి చేసేవాళ్లు. నేను అత్త ఇంట్లో ఉండి ఆ స్కూల్లో చదివినాను. గ్రౌండు లేదు ఆడ. మామిడి తోపుల నడుమ మట్టి బాటే మాకు ట్రాకు. సారు సైకిల్ మీద ఎప్పుడూ మా వెనకాలనే వచ్చేవారు. "నేను ముందర పోతే మీరు నన్ను చూస్తారు, బాటని చూడరు" అనేవారు.

మూత తీసిన బాటిల్లో నీళ్లు ఎవరిచ్చినా తాగనిచ్చేవారు కాదు. జలుబుకి మాత్ర వేసుకోవాలన్నా ఆయన్ని అడగాల. ఒకసారి మా అత్త కషాయం కాచిస్తే, ఆమెనే పిలిపించి అందులో ఏమేమి వేసినావమ్మా అని అడిగినారు. "మిరియాలు సారూ, విషం కాదు!" అని అత్త మూతి తిప్పుకొని పోయింది.

ఫ్యాక్టరీలో చేరినాక ఒక జాతీయ పోటీలో పదివేల మీటర్ల పరుగు గెలిచినాను. నా పాత టైముకంటే చాలా బాగా పరిగెత్తినాను. ఆ సాయంత్రమే టీవీలో ఒక పెద్దమనిషి, కూలివాళ్ల ఇంటి పిల్లకి ఉన్నట్టుండి ఇంత వేగం ఎట్లా వచ్చింది, పరీక్ష చెయ్యాల అన్నాడు. పరీక్ష అప్పటికే అయిపోయింది. గెలిచినోళ్లకి చేసేదే అది. ఫలితం రావాల, అంతే. మరుసటి రోజు పేపర్లో నా ఫోటో వేసి "అనుమానపు పరుగు" అని పైన రాసినారు. ఫలితం వచ్చేదాకా పనికి రావద్దన్నారు ఫ్యాక్టరీలో. ఊత్తంగరై పక్క పోచంపల్లి సంతలో ఎవరో మా అమ్మని "మీ బిడ్డ సూది ఏసుకొని పరిగెత్తిందంట కదా?" అని అడిగితే, కొన్న కూరగాయలు ఆడనే వదిలేసి వచ్చేసింది.

నేను సారు ఇంటికి పోయినాను. అరుగు మీద కూర్చోబెట్టి, నా కండ్లలోకి చూసి అడిగినారు.

"ఒక్కసారే అడుగుతా. ఏమన్నా తీసుకున్నావా?"

"మీరు కూడానా సార్?"

"అవునమ్మా. అడగకుండా నమ్మితే అది గారాబం. అడిగి నమ్మితేనే నమ్మకం."

"లేదు సార్."

"సరే. రా, సంగటి తిందాం."

మళ్లీ ఆ మాట ఆయన నోట రాలేదు.

తింటా వుండగానే ఒక విలేకరి వచ్చి, మీ పిల్లలకి ఏం పెడతారు, రహస్యమేంది అన్నాడు. "ఇదిగో, రాగి సంగటి, ఉలవచారు. కూర్చో, నువ్వూ తిను" అన్నారు సారు. ఆహారం గురించి అడిగితే కోచ్ నవ్వి దాటేసినాడని రాసినారు.

ఆ నెలలోనే పెద్ద సిటీ అకాడెమీలో శిక్షణ తీసుకునే ఒకామె ఒంట్లో నిషేధించిన మందు ఉన్నట్టు పరీక్షలో తేలింది. ఆమె గురించి పేజీ నిండా రాసినారు. దగ్గు మందులో పొరపాటంట. ఆమె తినేది రాగులంట, అందులో ఎంత బలముందో డాక్టరు చేత చెప్పించినారు. మందు దొరికినామెకి కుక్కపిల్లని ఎత్తుకున్న ఫోటో. ఏమీ దొరకని నాకు, గీత దాటేటప్పుడు పండ్లు బయటపెట్టి రొప్పే ఫోటో.

టీవీవాళ్లు సారు ఇంటికే కెమెరా తెచ్చి, ఆమె గురించి నన్ను మాట్లాడమన్నారు. నా దగ్గర మాటలు సిద్ధంగా ఉండినాయి. సారు నన్ను లోపలికి పిలిచినారు.

"ఆ బిడ్డ దగ్గు మందే తాగిందేమో. నీకు తెలుసునా?"

"తెలీదు సార్."

"తెలీకుండా నీ గురించి మాట్లాడినారనే కదమ్మా ఏడుస్తా వుండావు?"

ఆయనే బయటికి పోయి, "ఆమెని ఎంత మర్యాదగా అడిగినారో, మా బిడ్డనీ అంత మర్యాదగా అడగండప్పా. అంతే మేము కోరేది" అన్నారు. అది టీవీలో రాలేదు.

ఫలితం వచ్చింది. నాలో ఏ మందూ లేదు. లోపలి పేజీలో, సబ్బు ప్రకటన కింద, వేలి గోరంత వార్త. "గోరంతైనా నిజమే కదా. నువ్వు పరిగెత్తు" అన్నారు సారు. ఫ్యాక్టరీవాళ్లు మళ్లీ పిలిచినారు. ఇంకొన్నేండ్లు పరిగెత్తినాను. ప్రతి పోటీ అయినాక సారే పోయి "మా బిడ్డని పరీక్ష చేస్తారు కదా?" అని అడిగి వచ్చేవారు.

నాకు తెలీనిది ఒకటుంది. సారు పోయినాక సారు ఇంటి అమ్మ చెప్పింది. నా మీద అనుమానం పడిన ఏడాది చానా ఇండ్లలో ఆడపిల్లల్ని పరుగు మానిపించినారంట. "బాట మీద ఎవరూ లేకపోయినా పొద్దున్నే సైకిల్ తీసుకొని పోయేవారమ్మా. వద్దన్నా వినలేదు. నీకు చెప్పొద్దన్నారు" అనింది. తర్వాత ఒక్కొక్కరే తిరిగొచ్చినారంట.

పాడె మేమే మోసినాము, సారు దగ్గర పరుగు నేర్చుకున్నవాళ్లం. ఆడవాళ్లు మోసేదేంది అని పెద్దవాళ్లు గొణిగితే, "మొయ్యనీండప్పా" అనింది సారు ఇంటి అమ్మ. ముందర పలక డప్పులు వాయించేవాళ్లు. ఎంత అణుచుకున్నా మాకు మెల్లగా నడవడం రాలేదు. "తొందరేముందప్పా, మెల్లగా పోండి!" అని వెనకనుంచి ఒక పెద్దాయన అరిచినాడు. కొంచెం దూరం మెల్లగా పోతాము, మళ్లీ కాళ్లు వాటంతట అవే వేగం అందుకుంటాయి. పలకలవాళ్లు వాయిస్తానే, రొప్పుతా, మా ముందర పరిగెత్తినారు. పాడె మీది బంతిపూలు దుమ్ములో రాలతా పోయినాయి.