పచ్చ లైటు వెలిగినా కదలని స్కాన్లు

2023 వానాకాలం. జంషెడ్‌పూర్‌లో మాంగో అనే పేటలోని ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో పిడుగుపాటుకి నెట్‌వర్క్ స్విచ్ కాలిపోయిందని నాకు ఫోన్ వచ్చింది. గదిగది నుంచీ వచ్చే కేబుళ్ళన్నీ కలిసే పెట్టె అది. అక్కడి కంప్యూటర్లు ఒకదానికొకటి సమాచారం పంపుకునేది దాని ద్వారానే. ఈ ఊళ్ళో ఇలాంటి పెట్టెలు బిగించడం, బాగుచేయడం నా పని.

కొత్త స్విచ్ పెట్టాను. కేబుల్ దూర్చే ప్రతి పోర్టు దగ్గరా పచ్చ లైటు వెలిగింది. రిసెప్షన్, ల్యాబ్, మందుల కౌంటర్ అన్నీ నడిచాయి. సామాన్లు సర్దుకుంటుంటే స్కాన్ టెక్నీషియన్ రమణమ్మ గారు వచ్చారు. ఆవిడది టెక్కలి వైపు, మా నాన్నగారి ఊరికి దగ్గరే.

"లైట్లన్నీ ఎలుగుతన్నాయి కదా ఈశ్వరీ. మరి మా బొమ్మలు ఎల్లట్లేదేటమ్మా?"

ఆవిడ వెంట స్కాన్ గదికి వెళ్ళాను. పరంజా మీంచి పడిపోయిన కాంట్రాక్టు కార్మికుడొకడు మెడకి పట్టీతో స్ట్రెచర్ మీద ఉన్నాడు. సీటీ స్కాన్ తీయడం అయిపోయింది. ఆ బొమ్మలు రాంచీలో ఉన్న వెన్నెముక డాక్టరు తన కంప్యూటర్లో చూసి చెప్పేదాకా అతని మెడ కదలకూడదు. పక్కనే భార్య నిలబడి ఉంది. వాళ్ళదీ టెక్కలి వైపే.

"నడుం లాగేత్తందంతన్నాడమ్మా. ఒక్కసారి కూకోబెట్టనీండి" అని రమణమ్మ గారిని బతిమాలుతోంది. ఆవిడ ఒప్పుకోలేదు.

ముందు కేబుల్‌ని అనుమానించాను. టెస్టర్ పెడితే లోపలి తీగలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా కొత్త కేబుల్ వేసి చూశాను, పోర్టు కూడా మార్చాను. తేడా లేదు. పింగ్, అంటే అవతలి యంత్రం పలుకుతోందా అని పంపే చిన్న పలకరింపు, ప్రతిసారీ జవాబు తెస్తోంది. రమణమ్మ గారు ఒక్క బొమ్మ పంపితే మెల్లగా వెళ్ళింది. మొత్తం స్కాన్ పంపితే మధ్యలో ఆగిపోయింది. చిన్నది వెళ్ళి పెద్దది ఆగడమేమిటి? కంగారుగానే ఉన్నా, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

లాప్‌టాప్‌లో స్విచ్ లెక్కలు తెరిచాను. స్కాన్ పోర్టులో మాత్రం కొలిజన్లు పెరిగిపోతున్నాయి. రెండు వైపుల నుంచీ వచ్చే సమాచారం ఢీకొంటోందన్నమాట. దాని కిందే 'హాఫ్ డూప్లెక్స్' అని కనిపించింది. ఒకరు పంపడం ముగించాకే రెండోవాళ్ళు పంపాలన్న పద్ధతి అది. ఈ రోజుల్లో అలా కనిపించకూడదు.

స్కానర్ కంపెనీ ఇంజినీరుకి ఫోన్ చేసి, యంత్రంలో ఏ సెట్టింగు పెట్టారని హిందీలో అడిగాను. ఆయన చూసి చెప్పాడు. హండ్రెడ్ స్పీడు, ఫుల్ డూప్లెక్స్, మార్పు లేకుండా ఫిక్స్ చేసి ఉంది. ఫుల్ డూప్లెక్స్‌లో రెండు వైపులా ఒకేసారి పంపుకోవచ్చు. కాలిపోయిన పాత స్విచ్‌లోనూ ఆ పోర్టుకి అలాగే పెట్టి ఉంటారు, నా కొత్త స్విచ్ మాత్రం ఆటోలో ఉంది. ఏ పద్ధతని అది అవతలివాళ్ళని అడుగుతుంది. సెట్టింగు ఫిక్స్ చేసిన యంత్రం ఆ ప్రశ్నకి జవాబివ్వదు. దాంతో స్విచ్ తనంతట తాను హాఫ్‌కి దిగింది. ఒకటి ఎప్పుడంటే అప్పుడు పంపుతోంది, రెండోది వంతు కోసం చూస్తోంది. చిన్న పలకరింపులు ఆ సందులోంచి దాటిపోతున్నాయి, బరువైన స్కాన్లు చితికిపోతున్నాయి.

ఆ ఒక్క పోర్టుని స్కానర్ సెట్టింగుకే ఫిక్స్ చేసి, మళ్ళీ పంపమన్నాను. రమణమ్మ గారు కళ్ళజోడు సర్దుకుని తెర మీదికి వంగారు.

"ఎల్తన్నాయి" అన్నారు నెమ్మదిగా.

కాసేపటికి రాంచీ డాక్టరు ఫోన్ చేశారు. మెడలో ఒక ఎముక విరిగింది, కూర్చోబెట్టకుండా అలాగే పెద్దాసుపత్రికి తరలించమన్నారు. అది విని అతని భార్య స్ట్రెచర్ కమ్మీని గట్టిగా పట్టుకుంది. అంబులెన్సు వచ్చేలోపు నన్ను అడిగింది.

"ఇంతకీ ఏటి పాడైపోనాదమ్మా?"

ఏదీ పాడవలేదని చెప్పాను. ఆమెకి అర్థమైనట్టు లేదు. కేబుల్ మంచిదే, స్విచ్ మంచిదే, స్కానర్ మంచిదే.

అతనికి ఆపరేషన్ అయిందనీ, నడుస్తున్నాడనీ తర్వాత రమణమ్మ గారు చెప్పారు. పచ్చ లైటు చెప్పేది తీగ కలిసిందని మాత్రమే. ఇప్పుడు నేను అది వెలగగానే లేచి రాను. ఆ తీగ అవతల ఎవరున్నారో వాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళు పంపేవాటిలో అన్నింటికన్నా బరువైనది ఒకటి నా ఎదుటే పంపించమంటాను.