మా నాయన మంచం దగ్గరికి వచ్చిన రొట్టె

మంగళవారం పొద్దున పెద్దారవీడు నుంచి చెల్లెలు ఫోన్ చేసి, మా పాస్టరయ్య కన్నుమూశారని చెప్పింది. మార్కాపురం ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే ప్రాణం పోయిందట. ఆయన గురించి మీకు రెండు ముక్కలు చెప్పాలనిపించింది.

ఆయన గొంతు పెంచి ప్రసంగించేవారు కాదు. కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు వాక్యం వింటూ కునుకు తీస్తే ఇంకా తగ్గించేవారు. "నిద్రపోనీండి, పొద్దంతా మిరప చేలో వంగినారు" అనేవారు. ఎవరైనా తమ ఉపవాసాల గురించి గొప్పగా చెప్పుకుంటే, "అట్లనా, మరి ఆకలి కాలేదా?" అని అడిగేవారు.

మా నాయన పలకల గనిలో దుమ్ము మింగి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. అంతకుముందే తాగి ఇల్లు పాడుచేశాడు. పన్నెండేళ్లు చర్చి గడప తొక్కలేదు. మంచాన పడ్డాక, ప్రభువు బల్లలో, అంటే ఆయన మరణాన్ని తలుచుకుంటూ చర్చిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం తీసుకోవాలని ఉందని కబురు పంపాడు. చర్చి సంఘపెద్ద ఒప్పుకోలేదు. "ఆరు నెలలు చర్చికొచ్చి, మారినానని చూపించమను" అన్నాడు. నాయనకు ఆరు నెలలు లేవని అందరికీ తెలుసు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరయ్య రొట్టె, రసం తీసుకుని నేరుగా మా ఇంటికి వచ్చారు. సంఘపెద్ద వెనకే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. తీరా చూస్తే నాయనే మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"నాకొద్దులే అయ్యా. చేసిన మంచి ఒక్కటన్నా గుర్తు తెచ్చుకుందామని చూస్తాండా. రావడంలేదు."

"రాకపోవడమే మేలన్నా. వచ్చుంటే దాన్నే పట్టుకోని కూచునేవాడివి."

"మరి ఏం చూసి ఇస్తారు నాకు?"

"నిన్ను చూసి కాదు. ప్రభువు నీకోసం చచ్చిపోయినాడు. నమ్ముతావా? నేనడిగేది అంతే."

నాయన మొహం ఇటు తిప్పి, "నమ్ముతా" అన్నాడు.

వాకిట్లోంచి సంఘపెద్ద, "రేపు అందరూ ఇట్లనే అడిగితే ఏంది అయ్యా?" అన్నాడు.

"అడిగితే బాగుండు" అన్నారు పాస్టరయ్య.

రొట్టె ఇచ్చి, రసం గిన్నె ఆయనే నాయన నోటికి అందించారు. వెళ్తూ వెళ్తూ అమ్మ దగ్గర ఆగారు. "దేవుడు క్షమించినాడని నువ్వు ఈ పూటే అన్నీ మర్చిపోవాలని లేదు వదినా" అన్నారు. ఆ మాటకు అమ్మ ఏడ్చింది. ఇన్నేళ్లలో ఆమె పక్కన నిలబడి మాట్లాడింది ఆయనొక్కరే.

నాయన ఇంకో రెండు నెలలు బతికాడు. ఒక మధ్యాహ్నం పాస్టరయ్య వచ్చేసరికి, నాయన మంచం దిగి, అమ్మ కూలికి తెచ్చుకున్న చింతపండు ముందేసుకుని ఆమె పక్కన గింజలు తీస్తున్నాడు.

"ఏందన్నా, మంచి పనులు మొదలుపెట్టినావా?"

"మంచీ లేదు, ఏమీ లేదయ్యా. ఆమె ఒక్కతే చేస్తాంటే ఊరికే ఉండబుద్ధి కాలేదు."

పాస్టరయ్య నవ్వారు. పంచె మడిచి వాళ్లిద్దరి ఎదురుగా నేలమీద కూర్చుని, కుప్పలోంచి ఒక పిడికెడు తన ముందుకు లాక్కున్నారు. ఎండ వాలేదాకా ముగ్గురూ చింతపండు ఒలుస్తూ కూర్చున్నారు. గింజలు చేటలో పడుతున్న చప్పుడే వినపడింది.