రెండు వేళ్లు

పదకొండేళ్లుగా మోస్తున్న బరువు ఇది. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అమెరికాలో, చాండ్లర్‌ అనే ఊళ్లో మా ఆదివారం బేస్‌బాల్ జట్టుకి ఎనిమిదేళ్లు నేనే క్యాచర్‌ని. బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని బంతి పట్టేదీ, ఏ బంతి వేయాలో, బంతి విసిరే పిచర్‌కి తొడల మధ్య వేళ్లతో చూపించేదీ క్యాచరే. ఒక వేలంటే బ్యాటర్‌కి దూరంగా. రెండంటే ఒంటి వైపు, ఎత్తుగా. ఈ ఆట నాకెవరూ నేర్పలేదు. లెక్కలు రాసుకుంటూ నేర్చుకున్నాను. నోట్‌బుక్‌లో ఒక్కో బ్యాటర్‌కి ఒక్కో పేజీ. జట్టులో ఏ తగువొచ్చినా నా లెక్కే ఆఖరు మాట.

పదకొండేళ్ల కిందట జట్టులోకి కిరణ్ వచ్చాడు. అతనూ క్యాచరే. ఇక్కడే పుట్టాడు, ఇరవై నాలుగేళ్లు. నాకు నలభై మూడు, మోకాళ్లు అరిగిపోయాయి. "అంకుల్, మీరు స్కోర్ రాయండి, బ్యాటర్ వెనక నేను కూర్చుంటా" అన్నాడు అందరి ముందూ. నవ్వారు. నేనూ నవ్వాను.

ఇద్దరిలో ఎవరుండాలో తేల్చడానికి మాలో మేమే రెండు జట్లుగా ఆడాం. ముందు రోజు కిరణ్ పేజీ తీసి చూశాను. వరసగా రెండు బంతులు దూరంగా పడితే, మూడోదానికి ముఖం ముందుకు వంచేస్తాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు.

అతను బ్యాటింగ్‌కి వచ్చాడు. ఒక వేలు చూపించాను. మళ్లీ ఒక వేలు. తర్వాత రెండు.

పిచర్ శ్రీకాంత్ నా స్నేహితుడు, గురి తప్పడు. బంతి హెల్మెట్ అంచు కింద, చెంప ఎముక మీద తగిలింది. పెంకు పగిలినట్టు చప్పుడు. కిరణ్ వెనక్కి నా ఒళ్లో పడ్డాడు. రక్తంతో పాటు రెండు పళ్లు నా గ్లవ్‌లోకి జారాయి. అప్పుడు నాకు కలిగింది భయం కాదు. లెక్క సరిపోయినప్పటి సంతోషం. ఊరికే బెదిరిద్దామనుకున్నాను, ఇంతవుతుందనుకోలేదు అని ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానో, కానీ బెదిరించేవాడికి ముఖం ఎన్నిసార్లు వంగుతుందో లెక్క ఎందుకు? ఆ ముఖం పగలాలనే కోరుకున్నాను.

అంబులెన్స్ వెళ్లాక శ్రీకాంత్ వచ్చాడు.

"అన్నా, రెండు చూపించినవ్ గదా?"

"ఒకటే రా."

"నాకు రెండు కనబడ్డయే."

"ఒకటే చూపించాను."

కాసేపు తన చేతినే చూసుకున్నాడు. "నువ్వు లెక్క తప్పవు గదన్నా. నేనే తప్పు చూసిన."

ఆ సాయంత్రం నోట్‌బుక్‌లో కూడా ఒకటనే రాశాను.

కిరణ్‌కి ఎడమ కన్ను సగమే కనిపిస్తుంది. నేను మరో మూడేళ్లు ఆడాను. శ్రీకాంత్ మళ్లీ బంతి ముట్టలేదు. ఏటా కిరణ్ ఇంటికి వెళ్లి క్షమించమని అడిగి వస్తాడు. డ్రైవ్ చేసేది నేను. కారు దిగను.

ఈ ఏడూ వెళ్లొచ్చాం. దారంతా చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. ఇంటికొచ్చి పాత నోట్‌బుక్ తీసి, ఆ ఒకటి కొట్టేసి, పక్కన రెండు అని రాశాను. ఊపిరి కాస్త ఆడింది. అంతే.

శ్రీకాంత్ తప్పు చూడలేదు. నేను చూపించింది రెండు.