సుద్దముక్క గీసిన గీత

ఆ దర్జీని అందరూ సుద్దముక్క అనే పిలిచేవాళ్లు. కుడి చెవి మీద ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది, అన్నానికి కూర్చున్నా తీసేవాడు కాదు. ఊళ్లు పట్టుకు తిరగడంలో నేను గీతలు గీసేవాళ్లను చాలామందినే చూశాను. భూమి కొలిచేవాళ్లు, పటాలు వేసేవాళ్లు, పడవలకు పలకలు కోసేవాళ్లు. వాళ్లందరికీ ఏదో ఒక బద్ద కావాలి. ఏదీ ఆనించకుండా, ఒక్క ఊపులో తిన్నగా గీత లాగినవాడు మాత్రం ఇతనే. అతని బతుకంతా ఆ చేతి మీదే నడిచింది. అదే చెయ్యి ఒక సోమవారం అతన్ని వణికించింది.

భార్య ఎడమ రొమ్ములో గడ్డ కనిపించింది. కోసి తీశారు. మళ్లీ రాకుండా రేడియేషన్ పెట్టాలన్నారు, పదిహేను సార్లు, శని ఆదివారాలు సెలవు. "వెనకే గుండె ఉంది. అందుకే కిరణాన్ని పక్కల నుంచి వాలుగా పంపుతాం" అని డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ వేసి చూపించింది. అతనికి బొమ్మలో గుండె తప్ప ఇంకేమీ కనపడలేదు.

ఆస్పత్రి వరండాలో రోజూ కలిసేవాళ్లు ఎవరి లెక్క వాళ్లు చెప్పుకునేవాళ్లు.

"నాకు ముప్పై అయిదు" అన్నాడు గొంతు క్యాన్సరున్న బస్సు డ్రైవరు, గాలి తప్ప గొంతు లేనట్టు. "మొహానికి వలలాంటి తొడుగు వేసి బల్లకి బిగించేస్తారు. దురద పుట్టినా గోక్కోడానికి లేదు."

"నాకు బయటి నుంచి ఇచ్చేవి అయిపోయాయి" అంది గర్భసంచి ముఖం దగ్గర జబ్బున్న పంతులమ్మ. "ఇక లోపల గొట్టం పెట్టి, గడ్డకి ఆనించి ఇస్తారట."

"మరి మా ఆవిడకి పదిహేనేనా? తక్కువ చేస్తున్నారేమో!"

"నువ్వు అందరికీ ఒకే కొలతతో చొక్కా కుడతావా ఏంటి?" అన్నాడు డ్రైవరు.

ఆ మాటకి కాస్త కుదుటపడ్డాడు. కొలత అంటే అతనికి నమ్మకం.

కిరణం ఎటు పోవాలో తెలియడానికి ఆమె ఒంటి మీద ఊదారంగు సిరాతో మూడు గుర్తులు పెట్టారు. సబ్బు తగలనివ్వొద్దన్నారు. ఆదివారం మధ్యాహ్నం ఉక్కపోతకి చెమట పట్టి, చంక పక్కనున్న గుర్తు చెరిగిపోయింది.

"రేపు వాళ్లే గీస్తార్లే" అంది ఆమె.

"వాళ్ల హడావిడిలో ఎక్కడో గీసేస్తారు. ఇటు తిరుగు." కొట్లోంచి పెన్ను తెచ్చి, మిగిలిన మరక పక్కనే అడ్డం ఒకటి, నిలువు ఒకటి లాగాడు. అచ్చు గుద్దినట్టు కుదిరింది. చూసుకుని మురిసిపోయాడు.

సోమవారం ఆమెను లోపలికి పిలిచారు. అతను గొప్పగా చెప్పాడు: "నిన్న గుర్తు పోతే నేనే దిద్దాను."

పంతులమ్మ ఉలిక్కిపడింది. "అయ్యో, మీరెలా గీస్తారండీ? నాది చెరిగితే నన్ను ముట్టుకోవద్దన్నారు. మళ్లీ కొలిచి వాళ్లే పెట్టారు."

అతను తన చేతికేసి చూసుకున్నాడు. నిన్నటి మరక కళ్ల ముందుకొచ్చింది. గీత దాని మీద పడలేదు, బయటికి పడింది. బట్ట మీదైతే ప్రతి గీతకీ అర అంగుళం బయటికి జరుగుతాడు, కుట్టుకి వదలాలి కదా. ఆ చెయ్యి ఆదివారం కూడా వదిలేసింది.

లోపల మందపాటి తలుపు మూసుకుంటోంది. దాని పైన, కిరణం వదిలేటప్పుడు వెలిగే ఎర్రదీపం ఇంకా వెలగలేదు.

"ఆపండమ్మా! ఆ గీత నాది!"

టెక్నీషియన్ అమ్మాయి బయటికొచ్చింది. "పెద్దాయనా, ఇటు రాకూడదు."

"తిట్టు, కొట్టు, ముందు మిషనాపు." వగరుస్తూనే ఉన్నదంతా చెప్పాడు.

ఆ అమ్మాయి మొహంలో రంగు మారింది. "ఇచ్చేముందు మేం ఎలాగూ ఎక్స్‌రే బొమ్మ తీసి చూసుకుంటాం గానీ, చెప్పి మంచిపని చేశారు. కూర్చోండి." ఇంకొకతను ఫైలుతో పరుగెత్తుకొచ్చాడు. తలుపు మూసుకుంది. ఆ ఇరవై నిమిషాలూ అతను కూర్చోలేదు, గోడకి నుదురు ఆనించి నిలబడ్డాడు.

"సెంటీమీటరు పైనే తేడా ఉంది" అంది ఆ అమ్మాయి బయటికొచ్చి. "సరిచేశాం. ఈసారి చెరగని పచ్చబొట్టు చుక్కలు పొడిచాం. ఇంక మీరు చెయ్యి పెట్టకండి."

సిట్టింగు ముగించుకుని భార్య నడుచుకుంటూ వచ్చింది. "నలభై ఏళ్లుగా నాకన్నీ వదులుగానే కుట్టావు. ఒంటి మీద కూడా వదులు వదిలావా?"

వరండా అంతా నవ్వింది. అతనికి నవ్వు రాలేదు. "గుండె మీద పడుంటే?"

"పడలేదుగా. పద, ఇంకా ఆరు ఉన్నాయి."

ఆ ఆరు రోజులూ సుద్దముక్కని కొట్లోనే వదిలి వచ్చాడు. ఎర్రదీపం వెలగగానే రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని, అది ఆరేదాకా వాటి మీదే కూర్చునేవాడు.