పెద్దనాయన వేసిన చెరకు

మొన్న ఆదివారం పొద్దున తమ్ముడు ఫోన్ చేసి, "పెద్దనాయన పోయినాడక్కా" అన్నాడు. పశువులకు మేత వేసి వచ్చి, అరుగు మీద కూర్చున్నవాడు అట్లాగే ఒరిగిపోయాడట. మా నాన్నకు అన్న ఆయన. కర్ణాటకలోని పావగడ తాలూకాలో ఒక చిన్న ఊళ్లో, వానను నమ్ముకుని జీవితమంతా వేరుశనగ పండించిన మనిషి.

నాకు మొదటి టీచరు ఉద్యోగం ఆ ఊరి బడిలోనే వచ్చింది. నాలుగేళ్లు వాళ్లింట్లోనే ఉన్నాను. ఆయన కన్నడ పేపరు తెస్తే మొదటి పేజీ వదిలేసి ధరల పేజీ తెరిచేవాడు. వేరుశనగ చూసుకుని, తర్వాత బెల్లం, చక్కెర ధరలు చూసేవాడు. ఊళ్లో ఎవరికీ చెరకు లేదు కదా, చక్కెరతో మీకేం పని అని ఒకసారి అడిగాను. "టీ తాగేవాళ్లకంతా దాంతో పని ఉండాది పాపా" అన్నాడు.

అది తొంభైల్లో మాట. వానలు వరసగా తప్పాయి. వేరుశనగ మొలిచినట్టే మొలిచి మాడిపోయేది. పెద్దనాయన బావిలో మాత్రం నీళ్లుండేవి. ఆ ఏడు చక్కెర ధర బాగా పెరిగింది. రేషను చక్కెర నెలల తరబడి రాలేదు. చక్కెర పెరిగితే బెల్లమూ పెరుగుతుంది కనుక, ఆయన రెండెకరాల్లో చెరకు నాటాడు. గానుగ తెప్పించి బెల్లం వండాలని ఆయన ఆశ. కలుపు తీసిందీ, గట్లు సరిచేసి నీళ్లు కట్టిందీ ఎక్కువగా పెద్దమ్మే.

చెరకు నడుమెత్తు పెరిగాక, ఒకరోజు పావగడ నుంచి వచ్చి నన్ను బడిలోని ప్రపంచపటం తెమ్మన్నాడు. పట్నాల్లో జనం ధర గురించి గోల పెడుతున్నారని, సర్కారు సుంకం తీసేసి బయటి దేశాల చక్కెరను ఓడల్లో తెప్పిస్తోందని మండీలో విన్నాడట. చెరకు ఎక్కువగా పండే బ్రెజిల్ చూపించాను. ఆడ వాన బాగా పడుతుందా అని అడిగాడు. పడుతుందన్నాను. యూరపు చూపించి, అక్కడ ఒక రకం దుంప నుంచి చక్కెర తీస్తారని, మిగిలినదాన్ని తక్కువ ధరకు బయట అమ్మడానికి అక్కడి ప్రభుత్వాలే చేయూతనిస్తాయని చెప్పాను. ఆయన అక్కణ్ణించి సముద్రం మీదుగా మన దేశం దాకా వేలితో గీత గీశాడు. ఆ దేశాలవాళ్లను తిడతాడనుకున్నాను.

"వాళ్లూ మన మాదిరి సేద్యగాళ్లేలే" అన్నాడు. "కొనేవాళ్లకు చౌకగా కావల్ల, పండించేవాళ్లకు ధర కావల్ల. సర్కారు యా పక్కకని పోతాది? కాకుంటే, చెరకు యాడాది పంట. సర్కారు మాట మూణ్ణెల్ల పంట."

తర్వాత ఎన్నో ఏళ్లు, ఎగుమతుల, దిగుమతుల పాఠం ఈ మాటతోనే మొదలుపెట్టాను. అంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాలేదు.

ఓడలు వచ్చాయి. బెల్లం ధర జారింది. అయినా గానుగ ఆడిస్తే చేసిన కష్టమైనా దక్కుతుందనుకున్నారు. అంతలో ఎండాకాలం ముదిరింది. ఊరి చేతిపంపులు ఒక్కొక్కటే ఎండిపోయాయి. ఆడవాళ్లు బిందెలతో మా బావికి రావడం మొదలుపెట్టారు. బావిలో రోజూ ఊరే నీళ్లు రెండు గంటలు మోటారు వేస్తే అయిపోయేవి. చెరకుకు పారిస్తే బిందెలకు ఉండవు.

ఆయన మొదటిరోజే మోటారు ఆపేశాడని రాస్తే అబద్ధమవుతుంది. నాలుగు రోజులు, ఎవరూ రాకముందే చెరకుకు పారించాడు. తర్వాత వచ్చినవాళ్లు అడుగున మిగిలిన బురదనీళ్లు తోడుకుపోయారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఐదోనాడు, పక్కింటి ముసలామె బావి గట్టున కూర్చుని ఆ నీళ్లను కొంగుతో వడగట్టుకోవడం ఆయన కంటపడింది. నేరుగా వెళ్లి మోటారు ఫ్యూజులు పీకి, ఇంటికి తెచ్చి గూట్లో పెట్టాడు.

"బిడ్డ మాదిరి సాకినాము" అంది పెద్దమ్మ. "ఇంకో దారి చూసుకోమని ఊరికి చెప్పకూడదా?"

"ఇంకో దారి ఉంటే మన బావికి ఎందుకొస్తారు?"

ఆమె ఆయనతో మాటలు మానేసింది. అన్నం పెట్టేది, పక్కకు తిరిగి కూర్చునేది.

నెల తిరక్కుండా చెరకు ఆకులు తెల్లబడ్డాయి. పశువులకు గడ్డిపరక దొరకని కాలం. ఆయన చెరకు కొట్టి, పశువులున్న ప్రతి ఇంటికీ మోపులు పంపాడు.

కోత ఆఖరి సాయంత్రం నేనూ, పెద్దమ్మా చేనుకు పోయాం. ఆయన గట్టు మీద కూర్చుని, ఒక గడ ఏరి, కొడవలితో చెక్కి మూడు ముక్కలు చేశాడు. ఒకటి నాకిచ్చాడు. ఒకటి పెద్దమ్మ వైపు చాపాడు. ఆమె చాలాసేపు తీసుకోలేదు. ఆయన చెయ్యి దించలేదు. చివరికి తీసుకుంది.

పళ్లు నొచ్చేంత గట్టి చెరకు. రసం కొంచెమే వచ్చింది గానీ, అంత తీపి నేనెన్నడూ ఎరగను. ఇద్దరం పిప్పి అయ్యేదాకా నమిలాం.

పిప్పి ఊసి, "బెల్లం బాగా అయ్యుండేది" అంది పెద్దమ్మ.

"ఊ. అయ్యుండేది" అన్నాడు ఆయన.

తన ముక్క కూడా ఆమె ఒళ్లో పెట్టి, కొడవలి తీసుకుని, మిగిలిన వరసలోకి నడిచాడు.