తోకచుక్కకు ఇంగువ పోపు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. (ఇప్పుడు బోలెడున్నాయి, వయసుతోపాటు అవీ పెరుగుతున్నాయి.) మస్కట్‌లో ఒక బళ్ళో సైన్సు టీచరుగా కొత్తగా చేరాను. ఉద్యోగం ఖాయం కావాలంటే సూపర్‌వైజర్ మేడం ఆఖరి బెంచీలో కూర్చుని నా పాఠం ఒకటి వినాలి. పిల్లలు ఆవిడకు పెట్టిన పేరు థర్మామీటర్ మేడం. ఆవిడ గుమ్మంలోకి వస్తే ఎంత గోల చేసే క్లాసైనా సున్నా డిగ్రీలకు పడిపోయేది. పాఠం కుదరకపోతే మళ్ళీ ఇంట్లో కూర్చోవడమే అన్న బెంగతో నాకు అన్నం సహించేది కాదు.

నాకు పడిన పాఠం తోకచుక్కలు. వట్టి మాటలతో చెబితే ఏం గొప్ప, బల్ల మీదే ఒక తోకచుక్క చేసి చూపిద్దామని, తెలిసినవాళ్ళ ద్వారా మత్రా బజారులోని ఒక ఐసు దుకాణం నుంచి డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) తెప్పించాను. ఇసుక, బొగ్గుపొడి సిద్ధం. ఇక మిగిలింది వాసన. తోకచుక్కలో గంధకం కలిసిన అణువులుంటాయి, దగ్గరికెళితే కుళ్ళిన గుడ్ల కంపు కొడుతుందట. బళ్ళో గుడ్లు కుళ్ళబెట్టనివ్వరు కదా! ఇంగువ ఘాటు కూడా గంధకం చలవేనని గుర్తొచ్చి, అత్తగారిని అడిగాను.

"ఏంటమ్మాయ్, తోకచుక్కకి పోపు పెడతావా?" అన్నారావిడ. అయినా ముద్దలో సగం విరిచి ఇచ్చారు. (ఊరినుంచి ఎవరో మోసుకొచ్చిన ఇంగువ అది, మా ఇంట్లో బంగారంతో సమానం.)

నా పీరియడ్ సరిగ్గా భోజనాల గంటకు ముందు. చేతులకు గ్లవుజులు తొడుక్కుని, ఇసుక, బొగ్గుపొడి కలిపిన డ్రై ఐస్ మీద వేడి వేడి ఇంగువ నీళ్ళు పోశాను. తెల్లటి పొగ బల్ల మీంచి జారి బెంచీల కిందికి పాకింది. పిల్లలు నోళ్ళు తెరిచారు. "ఏం వాసన వస్తోంది?" అని గర్వంగా అడిగాను. "సాంబార్, మిస్!" అని క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది. ఎవరో టిఫిన్ డబ్బా మూత కూడా తీశారు.

మేడం లేచి ముందుకొచ్చారు. "వాసన సరే, ఈ అణువులు తోకచుక్కలోకి ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

బట్టీ పట్టిందంతా ఆ పొగలో కలిసిపోయింది. కళ్ళముందు కనబడింది మా వంటింటి ఫ్రీజర్ ఒక్కటే. "మా అత్తగారి ఫ్రీజర్‌లో ఎప్పటిదో గోంగూర ఉంది మేడం" అనేశాను. క్లాసు గొల్లుమంది. అన్న మాట వెనక్కి తీసుకోలేక సాగదీశాను. "అది ఫ్రీజర్‌లో మొలవలేదు. ఎప్పుడో మా ఊళ్ళో పండింది, ఫ్రీజర్ పాడవకుండా దాచింది. ఇదీ అంతే. సూర్యుడు పుట్టకముందు ఒక చీకటి మబ్బుండేది. అందులోని ధూళి రేణువులకు మంచు పట్టింది. ఆ మంచు మీదే పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఈ అణువుల్లో చాలావరకు తయారయ్యాయి. తోకచుక్క వాటిని దాచి తెచ్చింది."

మేడం బల్ల మీదికి వంగి, పొగ కక్కుతున్న ఆ గడ్డను చూశారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"అంటే సూర్యుడికన్నా పాతవి" అన్నారు చివరికి, తనలో తాను అనుకుంటున్నట్టు. తలుపు దగ్గర ఆగి, "మీ ఉద్యోగం ఖాయం. ఆ గోంగూర అంటే ఏమిటో రేపు కొంచెం తెచ్చి చూపించండి" అన్నారు.

ఆ ఉద్యోగం తన ఇంగువ వల్లే వచ్చిందని అత్తగారు ఇప్పటికీ అంటారు, నేను కాదనను. ఇప్పుడు ఆ పాఠమంతా తెర మీదే చూపిస్తాను. బొమ్మలు కదులుతాయి, మాట తడబడదు, బల్ల మీద మరక పడదు. అప్పటి ఆ బెదురుపిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా కలుగుతుంది. ఈ మధ్య నా పాఠం విని ఎవరికీ ఆకలి వేయడం లేదు.