ఎర్రచందనం జంట

ఆమదాలవలసలో పాత కొయ్యబొమ్మ కొనాలన్నా అమ్మాలన్నా భాగ్యవతి మాట కావాలి. ఆ బొమ్మల మీద చేసినవాడి పేరుండదు, ఊరుండదు. ఆమె చేత్తో బరువు చూసి, తడి సానరాయి మీద అడుగు కాస్త అరగదీసేది. ఎర్రగా దిగితే చందనం, లేకపోతే రంగేసిన ఉత్త కర్ర. కొట్టు నడుపుకునే భర్త సూర్యారావు పైకి విసుక్కునేవాడు గానీ, పెళ్లాం మాటకున్న విలువ చూసి లోలోపల మురిసిపోయేవాడు.

ఇంత తెలిసిన మనిషి ఇంట్లో దసరా బొమ్మల కొలువుకి ఆడామగా చందనం బొమ్మల జంట లేదు. తల్లి జంట పెద్దకూతురికి రావడం వాళ్ల ఇంటి ఆనవాయితీ. తల్లి పోయినప్పుడు, నౌపడలో ఉన్న తమ్ముడు నగరేశ్వరరావు, "అమ్మే అడిగిందప్పా, సితిలో ఎట్టీసినాను" అన్నాడు. భాగ్యవతి నమ్మింది. నమ్మి, పోయిన తల్లిని నోరారా తిట్టింది. కూతురికివ్వడానికి మనసొప్పక కాల్పించుకుందని తద్దినానికి కూడా వెళ్లలేదు. ఎంత పాపిష్టి కోపం!

పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, దసరా ముందు, విశాఖపట్నం బేరగాడు నరసింగరావు వచ్చి ఆమె ముందు మూట విప్పాడు. అందులో ఒక జంట ఉంది. ఆడబొమ్మ వీపు చదునుగా అరిగిపోయింది. చిన్నప్పుడు భాగ్యవతికి గవదబిళ్లలు వస్తే, తల్లి ఆ వీపునే అరగదీసి దవడలకు గంధం పట్టించేది. చితిలో కాలిపోయాయన్న బొమ్మలే ఇవి.

"ఎక్కడివివి?"

"నౌపడ నగరేశ్వరరావుగారివమ్మా. తెలిసినోళ్లు మంచివంటేనే కొంటానని సెప్పి తెచ్చినాను."

అమ్మ ఏ పాపమూ ఎరగదు. పరాయివాడి ముందు తమ్ముణ్ణి దొంగనడానికి భాగ్యవతికి నోరు రాలేదు, పుట్టింటి పరువు అడ్డొచ్చింది. పనికిరానివంటే ఇక్కడే పారేసి పోతాడనుకుంది. సానరాయి జోలికే పోలేదు.

"ఉత్త కర్ర. పిల్లలాడుకుంటారు, ఇక్కడే వదిలేసి పో" అంది.

"మందిసొత్తు తల్లీ, ఆళ్లకే ఇచ్చీవాలి" అని నరసింగరావు మూట కట్టుకుని నౌపడ రైలెక్కేశాడు. ఆ రోజుల్లో కూడా అంత నిజాయితీపరుడే ఆమె ప్రాణానికి దొరకాలా!

మర్నాడు భర్తకి ఏదో సాకు చెప్పి భాగ్యవతి నౌపడ వెళ్లింది. గడపలోనే మరదలు కన్యకాపరమేశ్వరి ఎదురైంది. బొమ్మలేవని అడిగితే వింతగా చూసింది.

"ఇన్నాళ్లూ సందనమనుకున్నాం వదినా. నువ్వే ఉత్త కర్రన్నావని బేరగాడు సెప్పినాడు. నీ మాటకి తిరుగేటున్నాది? పొద్దున నీళ్లపొయ్యిలో ఎట్టీసినాను."

భాగ్యవతి అరుగు మీద కూలబడి ఏడ్చింది. "అయి సందనమేరా! అమ్మ బొమ్మల్రా!" అంది, లోపల్నుంచి వచ్చిన తమ్ముడి వంక చూస్తూ.

నగరేశ్వరరావు తడుముకోలేదు. సిగ్గూ పడలేదు.

"మరైతే అంత అబద్దమెందుకాడినావప్పా?" అన్నాడు.